పాటల యాప్ చేయాలనుంటే ముందు ఒక నోట్‌బుక్ కొనండి

విశాఖపట్నం పాత గాజువాకలో తొమ్మిదేళ్లు నాకు సెల్ షాపు ఉండేది. రీచార్జులు, ఛార్జర్లు, స్క్రాచ్ గార్డులు అన్నీ అమ్మినా షాపుని నిలబెట్టింది మెమరీ కార్డులే. పాటకి 5 ఎంబీ చొప్పున 2 జీబీ కార్డులో 400 పాటలు పట్టేవి. సి షిఫ్ట్ దిగి వచ్చే స్టీల్ ప్లాంట్ వాళ్లు, ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేసే కుర్రాళ్లు, గంగవరం నుంచి చేపలు తెచ్చి అమ్ముకుని తిరిగెళ్లే ఆడవాళ్లు కౌంటర్ ముందు నిలబడి పాటలు చెప్పేవారు, నేను ఎక్కించేవాణ్ణి.

చెప్పేవారంటే, పాట పేరు చెప్పేవారని కాదు.

"ఓ బాబూ, మా పెద్దగుంట పెళ్లిలో బోజనాల కాడ ఏసినారు కదా, మొదట్లో పిల్లంగోవి ఇనబడతాది, అదెక్కించీ" అంది ఒకావిడ. ఆ పెళ్లికి నేను వెళ్లలేదు. అయినా పాట దొరికింది. పెళ్లి ఏ ఏడు జరిగింది, పాడింది ఆడా మగా, పాట నెమ్మదిగా సాగుతుందా హుషారుగా ఉంటుందా అని ఒక్కొక్కటే అడుగుతూ మూడు పాటలు వినిపించాను. నాలుగోది మొదలైందో లేదో "ఇదే ఇదే" అంటూ కౌంటర్ మీద చెయ్యి చరిచింది. ఆ సాయంత్రమే 200 పేజీల నోట్‌బుక్ ఒకటి తెచ్చి గల్లాపెట్టె పక్కన పెట్టుకున్నాను. ఎవరేం అడిగినా వాళ్ల మాటల్లోనే రాసి, ఎదురుగా దొరికిన పాట రాసేవాణ్ణి.

షాపు మూసేశాక ఆ పుస్తకం అటకెక్కింది. మధురవాడలో ఐటీ ఉద్యోగం చేసే మా మేనల్లుడు సంక్రాంతికి వచ్చి, అటక దులుపుతూ అక్కడే కూర్చుని చదివాడు. "మావయ్యా, ఇది యాప్" అన్నాడు. ఇద్దరం కలిసి ఆదివారాలు పెట్టుకుని ఆ పని చేశాం. పాటలు వినేవాళ్ల కోసం ఏదో ఒక యాప్ చేయాలని మీకూ ఉంటే, మేం నడిచిన దారి ఇది. కోడింగ్ నేర్పే మాటలు ఇందులో తక్కువ. కోడింగ్‌కి ముందు చేయాల్సిన పని ఎక్కువ.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ రోజుల్లో మెమరీ కార్డుల్లోకి పాటలు ఎక్కించడం తప్పే. పాట రాసినవాళ్లకి, కట్టినవాళ్లకి, పాడినవాళ్లకి అందులోంచి ఒక్క రూపాయి వెళ్లలేదు. ఊరూరా జరిగేది కాబట్టి తప్పనిపించలేదు. ఇప్పుడు మా యాప్‌లో ఒక్క పాట కూడా మేం పెట్టుకోకపోవడానికి అది కూడా ఒక కారణం.

అడిగే తీరు వినడం

మొదటి రెండు వారాలు కంప్యూటర్ ముట్టుకోకండి. నోట్‌బుక్ పట్టుకుని తిరగండి. మేం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కోసం కూర్చున్నవాళ్లతో, పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిచి గట్టు మీద కూలబడేవాళ్లతో, కంచరపాలెంలో మా పిన్ని వాళ్ల వీధిలో మాట్లాడాం.

"ఇలాంటి యాప్ వస్తే వాడతారా?" అని మాత్రం అడగకండి. మనవాళ్లు మొహమాటస్తులు. "బాగుంటది బాబూ, చెయ్యి" అనే అంటారు. ఆ మాట నమ్ముకుంటే మునిగిపోతారు. దానికి బదులు జరిగిపోయిన సంగతి అడగండి: పాట కోసం వెతికి దొరక్క వదిలేసింది ఈమధ్య ఎప్పుడు? అప్పుడు ఏం కొట్టారు? ఫోన్ తీసి మళ్లీ ఒకసారి చేసి చూపిస్తారా? ఆ మూడో ప్రశ్నతోనే అసలు సంగతి బయటపడుతుంది.

మా పిన్ని ఏం చేసిందో చెప్తాను. ఘంటసాల పద్యాలు వినాలని ఫోన్ తీసింది. కళ్లజోడు నుదుటి మీంచి దించుకుంది. వెతికే పెట్టె మీద చూపుడువేలు పెట్టింది, కీబోర్డు లేచింది, ఇంగ్లీషు కీబోర్డు. జి కొట్టి ఆగి నా మొహం చూసింది. హెచ్ ఉంటుందా ఉండదా అని ఆవిడ అనుమానం. ఉండదని తేల్చుకుని కొట్టింది. కింద ఏవో నాలుగు పేర్లు వచ్చాయి, వాటిలో మొదటిది నొక్కేసింది. రీమిక్స్ మొదలైంది. ఉలిక్కిపడి సౌండ్ తగ్గించి, ఫోన్ మనవడి చేతికిచ్చి "నువ్వెట్రా" అంది. ఇదంతా ఒక్క నిమిషంలో జరిగిపోయింది. వాణ్ణి పిలవడానికి ముందు ఆవిడ ఎక్కడెక్కడ తడబడిందో వరసగా రాసుకుంటే, యాప్ ఏ పనులు చేయాలో ఆ వరసే చెప్పేస్తుంది.

రెండు వారాలయ్యాక పుస్తకం ముందేసుకుని అడిగిన తీరుని బట్టి విడదీయండి. మావి ఇలా పడ్డాయి: సన్నివేశం చెప్పి అడిగేవి, సందర్భం చెప్పి అడిగేవి, గొంతుని బట్టి అడిగేవి, మొదట్లో మోగే వాయిద్యాన్ని బట్టి అడిగేవి, మధ్యలో ఒక ముక్క గుర్తుండి అడిగేవి. పల్లవి మొదటి మాట సరిగ్గా చెప్పినవాళ్లు చాలా తక్కువ. మా వైపు అడిగేవాళ్లలో జముకు మోగే పాట, తప్పెటగుళ్ల పాట, అరకు ధింసాకి వేసే పాట అని చెప్పేవాళ్లూ ఉంటారు. వంగపండు పాట కావాలనేవాళ్లు ఏ సినిమా అని అడిగితే ఎగాదిగా చూస్తారు. పాటల యాప్‌లు చాలావరకు సినిమా పేరు, ఆల్బమ్ పేరు అడుగుతాయి. జనం చెప్పేది వేరు, యాప్ అడిగేది వేరు. ఆ రెండింటికీ మధ్య ఉన్న ఖాళీలోనే మాకు ఆలోచన దొరికింది. మీకు ఇంకోచోట దొరకొచ్చు. పాడుకునేవాళ్లకి శ్రుతి చూపించే యాప్ కావచ్చు, కారులో అందరూ కలిసి వరస పెట్టుకునే యాప్ కావచ్చు. ఏదైనా పుస్తకంలోంచే రావాలి.

తర్వాత ఒక్క వాక్యం రాయండి. మా మేనల్లుడు మొదట ఒక ఎ4 కాగితం నిండా రాసుకొచ్చాడు: సాహిత్యం, కరోకే, స్నేహితులతో కబుర్లు, ఈక్వలైజర్, నిద్రపోతే ఆగిపోయే టైమర్. నేను ఎర్ర పెన్నుతో ఒక్కొక్కటీ కొట్టేస్తుంటే వాడికి ప్రాణం ఉసూరుమంది. చివరికి మిగిలింది ఇదీ: పేరు గుర్తులేని పాటని, గుర్తున్నదాన్ని బట్టి దొరికించడం. ఆ వాక్యం అట్ట మీద రాసి గోడకి అంటించాం. కొత్త ఆలోచన వచ్చిన ప్రతిసారీ అటు చూసేవాళ్లం.

అది రాసుకున్నాక కూడా కోడ్ రాయనివ్వలేదు. ఒక వారం పాటు చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో "పేరు గుర్తురాని పాట ఏదైనా ఉంటే నాకు వాయిస్ మెసేజ్ పెట్టండి" అని చెప్పాను. యాప్ చేయాల్సిన పని నేనే చేశాను, షాపులో చేసినట్టే. ఎవరికి ఏ ప్రశ్న ఎదురు వేస్తే పాట త్వరగా దొరుకుతోందో అప్పుడే తేలింది. ఏ ఏడాది పాట అని అడిగితే ఎవరూ చెప్పలేరు. "అప్పటికి మీకు పెళ్లయిందా, పిల్లలు పుట్టారా" అంటే టక్కున చెప్తారు. మా యాప్‌లో ఆ ప్రశ్నే ఉంది.

పాట మీది కాదు

ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. పాటలు సర్వర్‌లో పెట్టుకుని వినిపిద్దామనుకుంటారు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని ప్రకారం రికార్డింగు మీద హక్కు, అది విడుదలైన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు ఉంటుంది. పాట మాటల మీద, బాణీ మీద హక్కు వేరు. అది రాసినవాళ్లు, కట్టినవాళ్లు బతికున్నంత కాలం, పోయాక మరో 60 ఏళ్లు. శ్రీశ్రీ మన విశాఖలోనే 1910లో పుట్టారు, 1983లో పోయారు. ఆయన రాసిన పాట 1960లో రికార్డయిందనుకుందాం. రికార్డింగు మీద హక్కు 2020తో తీరిపోయింది. మాటల మీద హక్కు 2043 చివరిదాకా ఉంటుంది. "పాత పాటే కదా" అని పెట్టేస్తే ఇరుక్కునేది ఇక్కడే.

అనుమతులు తీసుకోవాలంటే రికార్డింగులకి కంపెనీలు, పీపీఎల్ లాంటి సంస్థలు, మాటలకీ బాణీలకీ ఐపీఆర్ఎస్ ఉన్నాయి. ఇంటర్నెట్‌లో పాటలు వినిపించడానికి రేడియోకి ఉన్నట్టు, హక్కుదారు ఒప్పుకోకపోయినా చట్టమే ఇచ్చే లైసెన్సు వర్తించదని బాంబే హైకోర్టు 2019లో తేల్చింది. అంటే ఒక్కో హక్కుదారుతో విడిగా మాట్లాడుకోవాలి. ఇద్దరు మనుషులు ఆదివారాల్లో చేసే పని కాదది.

కాబట్టి మేం పాట వైపు వెళ్లలేదు, పాట దాకా తీసుకెళ్లే దారి వైపు వెళ్లాం. వినేవాళ్ల ఫోన్లో ఏదో ఒక పాటల యాప్ ఎలాగూ ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో 'మీడియా ప్లే ఫ్రమ్ సెర్చ్' అనే ఇంటెంట్ ఉంది. ఇంటెంట్ అంటే ఒక యాప్ ఇంకో యాప్‌కి పెట్టే కబురు. పాట పేరు, గాయని పేరు ఇచ్చి ఆ ఇంటెంట్ వదిలితే, ఫోన్లో ఉన్న పాటల యాప్ దాన్ని అందుకుంటుంది. ఒకటికి మించి ఉంటే ఏదో ఒకటి ఎంచుకోమని ఫోనే అడుగుతుంది. ఇలా చేస్తే పాట చట్టబద్ధంగా ఉన్నచోటే మోగుతుంది, హక్కుదారులకి వెళ్లాల్సింది వెళ్తుంది. అన్ని యాప్‌లూ దాన్ని ఒకేలా అందుకోవు. కాబట్టి మీరు పంపదలచిన ప్రతి యాప్‌తోనూ విడివిడిగా పరీక్షించుకోవాలి.

పెద్ద స్ట్రీమింగ్ కంపెనీలు బయటివాళ్లకిచ్చే ఏపీఐల మీద, అంటే వాళ్ల సమాచారం మన యాప్ అడిగి తెచ్చుకునే దారుల మీద, ఇల్లు మొత్తం కట్టకండి. స్పాటిఫై 2024 నవంబరు 27న కొత్త యాప్‌లకి సిఫార్సులు, పాట లక్షణాల విశ్లేషణ లాంటి కొన్ని సదుపాయాలు ఆపేసింది. వాళ్ల ఇంటి తలుపు, వాళ్లిష్టం. మీ పునాది మాత్రం మీ దగ్గర ఉండాలి.

పునాదికి కావాల్సిన పేర్ల సమాచారం కొంత మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో దొరుకుతుంది. స్వచ్ఛందంగా జనం నింపే భాండాగారం అది. ముఖ్యమైన సమాచారం ఎవరైనా వాడుకునేలా వదిలేశారు. సెకనుకి ఒక్కసారి మించి అడగకూడదన్నది వాళ్ల నియమం, పాటించండి. తెలుగు పాటలు అక్కడ తక్కువగా ఉన్నాయనిపిస్తే తిట్టుకోకుండా మీరే నింపండి. మేం కొన్ని నింపాం. సినిమా పేరు పక్కన ఏడాది తప్పకుండా రాయండి. దేవదాసు అంటే 1953లో వచ్చింది ఉంది, 1974లో వచ్చింది ఉంది, 2006లో వచ్చింది ఉంది. ఏడాది లేకపోతే అమ్మమ్మ అడిగింది మనవడికి, మనవడు అడిగింది అమ్మమ్మకి వినబడుతుంది. ఒక్కో రికార్డింగుకి ఐఎస్ఆర్‌సీ అనే 12 అక్షరాల గుర్తు ఉంటుంది. అది దొరికితే అదీ రాసుకోండి, ఒకే పాట రెండుసార్లు పడకుండా కాపాడుతుంది.

సన్నివేశం, సందర్భం, వాయిద్యం లాంటి గుర్తులు మాత్రం ఎక్కడా దొరకవు. అవి మీరే పాట విని రాయాలి. సాహిత్యం మొత్తం కాపీ చేసి పెట్టుకోవద్దు, దానికీ హక్కు ఉంది. మేం "వాన, గొడుగు, ఆడగొంతు, మొదట్లో వేణువు, నెమ్మది" అని మా సొంత మాటల్లో రాసుకున్నాం. రోజూ రాత్రి అన్నం తిన్నాక పది పాటలు. మా ఆవిడ వినేది, చెప్పేది, నేను రాసేవాణ్ణి. ఆవిడ చెవి నాకంటే మంచిది. వీణా సితారా అని నేను తటపటాయించేలోపే చెప్పేసేది.

సుశీలమ్మని వెతకడం

ఈ భాగం మీద మాకు పట్టినంత కాలం ఇంకేదాని మీదా పట్టలేదు. తెలుగు పాటల యాప్ ఏది చేసినా ఇది తప్పదు కాబట్టి వివరంగా చెప్తాను.

సుశీలమ్మ విజయనగరం ఆడపడుచు, మన పక్క ఊరు. తెలుగులో ఆవిడ పేరు రాయడానికి ఒకటే పద్ధతి. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేటప్పుడు చూడండి. రెండో ఎస్ పక్కన హెచ్ పెట్టి, ఇ రెండుసార్లు కొట్టేవాళ్లున్నారు. హెచ్ లేకుండా ఇ రెండుసార్లు కొట్టేవాళ్లున్నారు. హెచ్ పెట్టి ఐ ఒక్కటే కొట్టేవాళ్లు, హెచ్ కూడా తీసేసి ఐ ఒక్కటే కొట్టేవాళ్లు. ఎవరికి వాళ్లు సరిగ్గానే కొట్టామనుకుంటారు. కంప్యూటర్‌కి మాత్రం ఆ నలుగురూ వేరువేరు మనుషులు.

దీనికి మందు, అక్షరాలు మడవడం. చీరలన్నీ ఒకే కొలతకి మడిచి బీరువాలో పెట్టినట్టు, పేర్లన్నీ ఒకే రూపానికి మడిచి పెట్టుకోవాలి. హల్లు పక్కన వచ్చే హెచ్ తీసేయాలి. ఇ రెండుసార్లు వస్తే ఐ చేయాలి, ఓ రెండుసార్లు వస్తే యు చేయాలి, ఎ రెండుసార్లు వస్తే ఒక్కటి చేయాలి. జంట హల్లుల్ని ఒంటి హల్లు చేయాలి. డబ్ల్యూ వస్తే వి చేయాలి. ఈ సూత్రాలు పెడితే సుశీలమ్మ పేరు నాలుగు విధాలా కొట్టినా ఒకే మడతలో పడుతుంది. మా పిన్ని హెచ్ లేకుండా కొట్టిన ఘంటసాల కూడా అక్కడే దొరుకుతాడు. మీ జాబితాలోని పేర్లనీ మడవాలి, వినేవాళ్లు కొట్టినదాన్నీ అలాగే మడవాలి, అప్పుడు రెండు మడతల్ని పోల్చాలి. ఒకవైపే మడిస్తే ఏదీ దొరకదు.

తెలుగు లిపిలో కొట్టేవాళ్లకీ ఇదే అవసరం. శ, ష, స ఒకటి చేయండి. ణ, న ఒకటి. ళ, ల ఒకటి. ఘ, గ ఒకటి, భ, బ ఒకటి, ధ, ద ఒకటి. దీర్ఘాలు తీసేయండి. మా ఉత్తరాంధ్ర వాడుకకి ఇంకో సూత్రం కలిపాం. వెన్నెలని ఎన్నెల అంటాం, వెలుగుని ఎలుగు అంటాం, వీధిని ఈది అంటాం. మైకు నొక్కి మాట్లాడితే ఫోన్ అలాగే రాస్తుంది. మాట మొదట్లో వి, వీ, వె, వే ఉంటే ఆ వ లేకుండా కూడా వెతకమని చెప్పాం. ఆ చిన్న మార్పు తర్వాత మైకు వాడేవాళ్లకి పాటలు దొరకడం మొదలైంది. పెద్దవాళ్లు ఎక్కువగా వాడేది మైకునే.

మడత మరీ ఎక్కువైతే అసలు తేడాలు పోతాయి. కల, కాల, కళ మూడూ ఒక్కటైపోతాయి. అందుకని వచ్చిన జవాబుల్ని వరస పెట్టాలి. ఉన్నది ఉన్నట్టు కలిసినవి పైన, మడతలో కలిసినవి వాటి కింద, ఒక్క అక్షరం తేడాతో కలిసినవి అన్నిటికంటే కింద. ఆ ఒక్క అక్షరం తేడా కూడా అయిదు అక్షరాలు దాటిన మాటలకే ఇవ్వండి. చిన్న మాటలకి ఇస్తే చెత్తంతా వచ్చి పడుతుంది.

మాకు రెండు రోజులు నిద్ర పట్టనివ్వని సంగతి ఒకటుంది. 'స్టేషన్' అనే మాట నా ఫోన్లో కొడితే పాట దొరికేది, మా మేనల్లుడి ఫోన్లో దొరికేది కాదు. కంటికి రెండూ అచ్చంగా ఒకటే. ఒక్కో అక్షరం కోడ్ విప్పి చూస్తే, ఒక కీబోర్డు చివరి పొల్లు తర్వాత కనపడని అక్షరం ఒకటి పెడుతోంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు దాన్ని. తెలుగులో పొల్లుని పక్క అక్షరంతో కలవకుండా ఆపడానికి అది కావాలి, చూపించేటప్పుడు ఉంచాలి. వెతికేటప్పుడు మాత్రం తీసేయాలి. మీరు తెలుగుతో ఏ యాప్ చేసినా మొదటి రోజే ఈ పని చేసుకోండి.

అట్ట ఫోన్

తెరలు గీయడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. పూర్ణా మార్కెట్‌లో చీర కొన్నప్పుడు ఇచ్చిన అట్టపెట్టె కోసి ఫోన్ సైజులో కిటికీ చేశాం. తెల్ల కాగితాల మీద తెరలు గీసి వెనక నుంచి మార్చాం. నొక్కమన్నప్పుడు జనం కాగితాన్నే వేలితో నొక్కారు, నేను వెనక కాగితం లాగాను. అయిదుగురితో ఈ పని చేస్తే పెద్ద పెద్ద పొరపాట్లన్నీ చాలావరకు బయటపడతాయి. చేయిస్తున్నప్పుడు మీరు నోరు మెదపకూడదు. "అక్కడ కాదండీ, ఇక్కడ" అన్నారంటే ఆ పరీక్ష పోయినట్టే.

బీచ్‌లో ఎండలో నిలబెట్టి చూపించాక లేత బూడిద రంగు అక్షరాలన్నీ తీసేశాం. ఆర్కే బీచ్ ఎండకి అవి కనపడవు. అక్షరానికీ వెనక రంగుకీ తేడా కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెప్తాయి, మన ఎండకి ఇంకా ఎక్కువ ఉంచండి. కూర్మన్నపాలెం బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడినవాళ్లకి ఖాళీగా ఉండేది ఒక్క చెయ్యి, అందులో ఒక్క బొటనవేలు. వెతికే పెట్టె పైన ఉంటే అందదు. మైకు గుర్తుతో సహా దాన్ని కిందకి దించాం. బటన్ ఏదైనా 48 డీపీకి తగ్గకుండా ఉంచండి, ఆండ్రాయిడ్ చెప్పే కొలత అది. తెలుగుకి ఇంకోటి: వరసల మధ్య ఎడం ఇంగ్లీషుకి సరిపోయినంత ఉంచితే కింద ఒత్తులు తెగిపోతాయి. 'లక్ష్మి', 'రాష్ట్రం' అనే మాటలు పెట్టి చూసుకోండి. ఆ రెండూ పూర్తిగా కనపడితే మిగతావి చాలావరకు కనపడతాయి.

నెట్ లేనిచోట ఏం జరుగుతుందో చూడటానికి కిరండూల్ ప్యాసింజర్ ఎక్కాం. కొత్తవలస-కిరండూల్ లైన్లో 58 సొరంగాలు. సొరంగంలోకి రైలు దూరినప్పుడల్లా సిగ్నల్ పోతుంది, కొండల్లో బయట కూడా అంతంత మాత్రమే. మొదటిసారి వెళ్లినప్పుడు మా యాప్ తిరిగే చక్రం చూపిస్తూ బొర్రా దాకా అలాగే ఉండిపోయింది. తిరిగొచ్చాక లెక్క వేశాం. తెలుగులో అక్షరమైనా, దానికి తగిలించే గుణింతం గుర్తైనా ఒక్కోటి మూడు బైట్లు పడుతుంది. పాటకి అలాంటివి 200 పట్టేలా వివరాలు రాసుకుంటే 600 బైట్లు. 20,000 పాటలకి 12 ఎంబీ. మంచి నాణ్యత ఉండే 320 కేబీపీఎస్‌లో అయిదు నిమిషాల పాట ఒక్కటి కూడా అంతే, 12 ఎంబీ. ఒక్క పాటంత చోటులో మొత్తం పుస్తకం పడుతుందంటే ఇక సర్వర్‌ని అడగడమెందుకు? అంతా ఫోన్లోనే పెట్టి ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో వెతికించాం. రెండోసారి వెళ్లినప్పుడు సొరంగం మధ్యలో కూడా పాట పేరు దొరికింది, బయటికి రాగానే మోగింది.

పాట మోగేటప్పుడు డేటా ఎంత పోతుందో కూడా వినేవాళ్లకి చెప్పండి. 96 కేబీపీఎస్‌లో గంటకి సుమారు 43 ఎంబీ, 320లో 144 ఎంబీ. రోజుకి ఒక జీబీ ప్యాక్ మీద బతికేవాళ్లకి ఆ అంకె కావాలి.

డబ్బు, ఖాతా, అనుమతులు

మా మేనల్లుడు చేతికి రాకముందు నేను ఒక తప్పు చేశాను. యాప్‌లు చేసిపెడతామన్న ఒకాయనకి 40,000 అడ్వాన్సు ఇచ్చాను. మూడు నెలలు తిప్పుకుని ఎక్కడో దొరికే రెడీమేడ్ యాప్‌కి నా షాపు బొమ్మ అంటించి ఇచ్చాడు. కాంటాక్టులు, మెసేజీలు, లొకేషన్ అన్నీ అడిగేది అది. పాట వెతకడానికి మెసేజీలతో ఏం పని? మీరు బయట ఎవరికైనా పని అప్పజెబితే, ఒక్కో తెర పనిచేస్తున్నట్టు మీ ఫోన్లో చూశాకే ఆ తెరకి డబ్బు ఇవ్వండి. కోడ్ ఉండే ఖాతా మీ పేరు మీద తెరిచి వాళ్లకి అనుమతి ఇవ్వండి. ప్లే స్టోర్ ఖాతా కూడా మీదే అయ్యుండాలి.

అనుమతుల సంగతి: మైకు బటన్ నొక్కినప్పుడే మైకు అడగండి, అంతకు ముందు వద్దు. వేరే ఏదీ అడక్కండి. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం కూడా అవసరమైనంత వరకే తీసుకోవాలి.

ప్లే స్టోర్ ఖాతాకి ఒక్కసారి 25 డాలర్లు కట్టాలి. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకి ఒక షరతు ఉంది. కనీసం 12 మంది, 14 రోజులు ఆపకుండా, క్లోజ్డ్ టెస్టింగ్‌లో, అంటే మనం పిలిచినవాళ్లకే తెరిచే పరీక్షలో, ఉండాలి. ఆ తర్వాతే అందరికీ విడుదల చేయడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. సరిగ్గా 12 మందిని పెట్టుకోకండి. మావాళ్లలో ఒకరు ఫోన్ మార్చారు, ఒకరు జాగా లేదని తీసేశారు, లెక్క తప్పింది, మళ్లీ మొదటి రోజు నుంచి. రెండోసారి పదహారు మందిని పెట్టాం. పెళ్లికి పిలిచినట్టు ఇంటింటికీ వెళ్లి మా చేతులతో ఎక్కించి, రోజూ ఒక పాట వెతకమని చెప్పి వచ్చాం.

దొరకని పాట

అన్నిటికంటే శ్రద్ధగా చేయాల్సిన తెర, పాట దొరకనప్పుడు వచ్చేది. "ఫలితాలు లేవు" అని రాసి వదిలేయకండి. అక్కడిదాకా వచ్చిన మనిషి మీకు తనకి గుర్తున్నదంతా చెప్పేశాడు. మా యాప్‌లో ఆ తెర మీద ఆయన అన్న మాటలే మళ్లీ చూపించి, కింద "రాసి పెట్టుకోమంటారా?" అని అడుగుతాం. అవునంటే ఆ మాటలు మాత్రం, పేరు నంబరు ఏదీ లేకుండా, మా దగ్గరికి వస్తాయి. ఆదివారం నాడు నేనూ మా ఆవిడా వాటిని కూర్చుని చదువుతాం. తెలిసినవి రాస్తాం, మడత సూత్రం తప్పితే మేనల్లుడికి చెప్తాం.

స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన ఒక పెద్దాయన పరీక్షలప్పుడు మాతో ఉన్నారు. పార్వతీపురం వైపు వాళ్ల అత్తారింట్లో కోతలైపోయాక ఒకావిడ జముకు మోగిస్తుంటే పాడేదట, ఆ పాట అడిగారు. అది ఎవరూ రికార్డు చేసిన పాట కాదని ఆయన మాటల్లోనే తెలిసిపోయింది. యాప్ దొరికించలేదు. రాసి పెట్టుకోమన్నారు, రాసుకున్నాం. ఆవిడ ఇంకా ఉన్నారట, వచ్చే నెల ఆయనతో పాటు ఆ ఊరు వెళ్తున్నాం. పాడినవాళ్లకి కూడా తమ గొంతు మీద హక్కు ఉంటుంది కాబట్టి, ఫోన్ తీయడానికి ముందు ఆవిణ్ణి అడగాలి. సరేనంటే ఊరు, పేరు, తారీకు వేసి ఆవిడ పేరు మీదే ఆ పాటకి ఒక వరస తెరుస్తాం.